ఇంజన్ విప్పి పెట్టి రేపు మాపు అంటున్న బాబాయ్

కావలి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయన వయసు 31. రొయ్యల మేత అమ్మే డీలరు దగ్గర ఉద్యోగం. రోజూ అల్లూరు, ఇసకపల్లి వైపు గుంటల దగ్గరికి తిరగాలి. బండి నాన్నగారిది, పాత స్ప్లెండర్. మోకాళ్ల నొప్పులతో ఆయన నడపడం మానేశాక కొడుకు చేతికి వచ్చింది. కొంతకాలంగా ఆయిల్ తాగుతూ, పొగ కొడుతూ ఉంటే, ఇరవై ఏళ్లుగా వాళ్లింటి బళ్లు చూస్తున్న మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లాడు. నాన్నగారు ఆ మెకానిక్‌ని తమ్ముడూ అని పిలుస్తారు కాబట్టి ఈయనకు బాబాయ్.

"రింగులు పోయినయ్, మూడున్నర వేలవుద్ది, వారంలో ఇస్తా" అన్నాడట బాబాయ్. మూడు వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. ఆ వారం కాస్తా నెలన్నర అయింది. ఒకసారి లేత్ (ఇనుప భాగాలు చెక్కే మిషను) దగ్గర ఉందన్నాడు, ఒకసారి నెల్లూరు నుంచి సామాను రాలేదన్నాడు, ఇంకోసారి రొట్టెల పండగకి పోయొచ్చినాక కూర్చుంటానన్నాడు. పనొచ్చిన హెల్పరు మద్రాసు వెళ్లిపోయాడని కూడా చెప్పాడు. చివరికి బండి ఇచ్చేటప్పుడు లెక్క 8,200 అన్నాడు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు మారిస్తే తేలలేదు, బోరు చేయించి (అంటే సిలిండర్ లోపలి గోడను కొంచెం చెక్కించి) పిస్టన్ మార్చాడట. ముందు ఒక్క మాట అడగలేదు. బిల్లు లేదు, పాత పిస్టన్ చూపించలేదు. ఈయన ఇంకో మూడు వేలు ఇచ్చి, మిగతా 2,200 తర్వాత ఇస్తానని బండి తెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చి చూస్తే ఇంజన్ కింద ఆయిల్ చుక్కలు. పొద్దున స్టార్ట్ చేయగానే మళ్లీ పొగ. పికప్ అంతంతమాత్రం. ఒక బోల్టు లేదు, సైడు డబ్బా తాళం విరిగింది. అడిగితే "రన్నింగ్ మీద సర్దుకుంటదిలే అబ్బయ్యా" అన్నాడు. సర్దుకోలేదు. మళ్లీ తీసుకెళితే హెడ్ (సిలిండర్ పైన మూతలా ఉండే భాగం) విప్పి ఓ పక్కన పెట్టాడు, అది జరిగి రెండు వారాలు దాటింది. మొదటిసారి బండి అక్కడ ఉన్నప్పుడు షాపులో పనిచేసే కుర్రాడు, "పదిహేనేళ్లు కూడా ఉండవేమో", దాని మీదే టీలు తెస్తూ బజారులో కనిపించాడని ఒక ముక్క రాశారు.

ప్రస్తుతం బావమరిది స్కూటర్ మీద తిరుగుతున్నారు. డీలరు విసుక్కుంటున్నాడు. భార్య, బండిని ఆటోలో వేసుకొచ్చి ఇంకొకరికి ఇవ్వమంటోంది, లేదా వినియోగదారుల కోర్టులో కేసు వేయమంటోంది. కావలిలో ఇంకో మెకానిక్‌ని అడిగితే "ఒకరు విప్పిన ఇంజన్ నేను ముట్టుకోను" అన్నాడు. నాన్నగారు మాత్రం, "అర్ధరాత్రి మీ అమ్మకు గుండెనొప్పి వస్తే ఆటో తెచ్చింది వాడే, వాడితో తగువు పెట్టుకోవద్దు" అంటున్నారు. "నోరు విప్పితే నాన్న బాధపడతారు, విప్పకపోతే నా ఉద్యోగం పోయేలా ఉంది. ఏం చేయమంటారు?" అని అడిగారు.

మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన కుర్రాడి సంగతితో మొదలుపెడతాను. ఆయిల్ కారడం కన్నా, నెలన్నర ఆలస్యం కన్నా నాకు అదే ఎక్కువ భయం వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 199ఏ అనే సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే అతని సంరక్షకుడు గానీ, బండి యజమాని గానీ దోషి అవుతారు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఆ బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. నాకు తెలియకుండా జరిగిందనో, జరగకుండా తగిన జాగ్రత్త తీసుకున్నాననో యజమాని నిరూపించుకుంటే బయటపడవచ్చు. మీకు తెలుసు, ఉత్తరంలో రాశారు కూడా. ఇక ఆ కుర్రాడు ఎవరినైనా గుద్దితే, ఇన్సూరెన్స్ కంపెనీ దెబ్బ తగిలినవాళ్లకు పరిహారం కట్టినా, లైసెన్సు లేనివాడు నడిపాడు కాబట్టి ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. యజమాని ఎవరు? ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే ఆయనే. హెడ్ విప్పి ఉంది కాబట్టి ఇవాళ భయం లేదు. బిగించిన రోజు ట్రయల్ వేయాలి కదా, ఆ తాళంచెవి మళ్లీ ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. బాబాయ్‌తో మరేం మాట్లాడినా మాట్లాడకపోయినా, ఆ పిల్లాడు బండెక్కకూడదని మాత్రం రేపే చెప్పండి. తర్వాత అదే మాట వాట్సాప్‌లో మర్యాదగా పెట్టండి. నాన్నగారికి కూడా ఈ సంగతి చెప్పండి. తగువు వద్దన్న పెద్దమనిషే ఈ విషయంలో ముందుంటారని నా అంచనా.

ఇప్పుడు ఆలస్యం గురించి. ఆయన మిమ్మల్ని చులకనగా చూస్తున్నాడని మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. నేను అలా అనుకోవడం లేదు. పండగ ముందు టైలరు అందరి గుడ్డలూ కత్తిరించి పెట్టుకున్నట్టే, చాలామంది మెకానిక్‌లు వచ్చిన ప్రతి బండినీ వచ్చిన రోజే విప్పేస్తారు. విప్పిన బండి ఇంకో షాపుకి పోదు. మీరిచ్చిన అడ్వాన్సుతో మీకన్నా ముందు వచ్చిన బండికి సామాను వస్తుంది, మీ సామానుకు మీ తర్వాత వచ్చే మనిషి అడ్వాన్సు కావాలి. దానికి తోడు లేత్ వాడి వరస వేరే. పనొచ్చిన హెల్పరు వెళ్లిపోయాడు, కొత్త కుర్రాడికి టీలు తేవడం తప్ప ఏమీ రాదు. ఈ పద్ధతి మంచిదని అనడం లేదు. గోల చేస్తే గానీ పని జరగదని మీకు అనిపించవచ్చు, కానీ గోల చేస్తే మీ బండి వరసలో ఒక మెట్టు పైకి వస్తుంది, హడావుడిగా బిగించి ఇస్తాడు. మొదటిసారి జరిగింది అదే అయుండొచ్చు. ఆయన ఎక్కడ ఇరుక్కుంటున్నాడో అక్కడ మీరు చెయ్యి వేస్తే పని కదులుతుంది. సామాను, తేదీ, ఆ రోజు మీరు పక్కన ఉండడం. ఈ మూడూ మీ చేతిలోకి రావాలి.

పని నాణ్యత దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే ఇంజన్ సంగతి మీకు తెలియదనే ధైర్యం మీదే ఆయన సమాధానాలు నడుస్తున్నాయి. పొగ అన్నది రెండు చోట్ల నుంచి వస్తుంది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా నీలంగా పొగ వస్తుంటే అది రింగులో, బోరో. రాత్రంతా నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు గుప్పున వచ్చి కాసేపటికి ఆగిపోతే అది చాలామటుకు హెడ్‌లో ఉండే వాల్వ్ సీళ్లు. చిన్న రబ్బరు టోపీల్లాంటివి, ఖరీదు పెద్దగా ఉండదు. అవి అరిగితే రాత్రిపూట ఆయిల్ కొద్దికొద్దిగా కిందికి జారి, పొద్దున మండి పొగవుతుంది. మీరు రాసింది రెండో రకం. బోరు చేయించినంత మాత్రాన అది తగ్గదు. అంటే బోరు అవసరమై ఉండొచ్చు, కానీ హెడ్ పని వదిలేశాడేమో. చలి పొద్దుల్లో సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లటి ఆవిరిని మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

"రన్నింగ్ మీద సర్దుకుంటది" అన్న మాటలో సగం నిజం ఉంది. కొత్త రింగులు, కొత్త బోరు ఒకదానికొకటి ఒరుసుకొని కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా పికప్ కొంచెం తక్కువగానే ఉంటుంది. మొదటి 500 కిలోమీటర్లు యాభై దాటకుండా, బరువు వేయకుండా నడిపి, ఆయిల్ మార్చమంటారు. మీరు బండి తెచ్చిన మర్నాడే వెనక 25 కిలోల మేత బస్తా కట్టుకొని గుంటల మీదికి పోయారా? పోయి ఉంటే ఆయన ఆ మాటే పట్టుకుంటాడు, సిద్ధంగా ఉండండి. ఆయిల్ కారడం మాత్రం ఏ రన్నింగ్ మీదా సర్దుకోదు. గ్యాస్కెట్ (రెండు భాగాల మధ్య ఆయిల్ కారకుండా పెట్టే పొర) సరిగా కూర్చోలేదు, లేదా డ్రెయిన్ బోల్టు మర పోయింది, లేదా బిగించాల్సింది బిగించలేదు. మూడూ బిగించినవాడి పని లోపాలే. బోల్టు తగ్గడం, తాళం విరగడం గురించి వాదించాల్సిన పనే లేదు.

ఇందులో మీకు కలిసొచ్చినది ఒకటుంది. హెడ్ విప్పి ఉంది కాబట్టి లోపల ఏముందో కళ్లతో చూడవచ్చు. వెళ్లి పిస్టన్ పైభాగం చూడండి. బోరు చేసి పెద్ద సైజు పిస్టన్ వేస్తే మామూలుగా దాని తల మీద 0.25 అనో, 0.50 అనో సైజు ఉంటుంది, అంటే అన్ని మిల్లీమీటర్లు పెద్దదన్నమాట. ఏ గుర్తూ లేకపోతే ఏం వేశావని అడగాల్సిందే. ఇది మీకు ఇంకో రకంగా కూడా అవసరం. బోరు చేసిన ప్రతిసారీ సిలిండర్ గోడ పల్చనవుతుంది, ఎన్నిసార్లయినా చేయించుకుంటూ పోలేం. సిలిండర్ గోడ మీద వేలు పెట్టి చూడండి. నిలువు గీతలు గోటికి తగులుతుంటే కొత్త బోరు అప్పుడే దెబ్బతిన్నట్టు. ఫొటోలు తీసుకోండి. అలాగే ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిచూసి వాటి ఫొటో కూడా పెట్టుకోండి.

అక్కడ చూసినదాన్ని బట్టి దారులు మారతాయి. సిలిండర్ శుభ్రంగా ఉండి, పిస్టన్ నిజంగా మార్చి ఉంటే, ఆయనకే ఇంకొక్కసారి ఇవ్వడంలో తప్పు లేదు. బోరుకి పెట్టిన డబ్బు అప్పటికే లోపల ఉంది, మిగిలింది వాల్వ్ సీళ్లు, గ్యాస్కెట్లు, శ్రద్ధ. అయితే పాత పద్ధతిలో కాదు. నాలుగు మాటలు ఇలా ఉండవచ్చు: "బాబాయ్, డబ్బు గురించి తర్వాత మాట్లాడదాం. ఏమేం సామాను కావాలో చీటీ రాసియ్యి, నేనే తెస్తా. ఏ రోజు కూర్చుంటావో చెప్పు, ఆ రోజు సెలవు పెట్టుకొని నీ దగ్గరే ఉంటా. ఆ రోజు కూడా కుదరకపోతే ఉన్నది ఉన్నట్టు తీసుకుపోతా, ఏమనుకోవద్దు." సామాను మీరు కొంటే ఒరిజినల్ ప్యాకింగు, ధర మీ కళ్ల ముందే ఉంటాయి, ఆయనకు అడ్వాన్సు అవసరమే రాదు. ఇందులో నష్టం లేకపోలేదు. ఒకరోజు జీతం పోతుంది. రేపు ఏదైనా పాడైతే "నువ్వు తెచ్చిన సామానే" అనే వీలు ఆయనకు దొరుకుతుంది. పక్కన కూర్చుని ప్రతి బోల్టుకూ ప్రశ్న వేస్తే ఏ పనివాడికైనా చిరాకు వస్తుంది కాబట్టి, కూర్చోండి గానీ ఊపిరాడనివ్వండి.

సిలిండర్ గీతలు పడి ఉంటే, లేదా తేదీ రోజున కూడా పని జరగకపోతే, బండి బయటికి తీసుకురావడమే మేలు. ఒకే ఇంజన్‌ని ఒకే చేత్తో మూడోసారి విప్పించడం మీద నాకు నమ్మకం లేదు. కానీ విడి భాగాలుగా ఉన్న బండిని కోపంతో గోనెసంచిలో వేసుకొస్తే, అందులో ఒక కాలర్, రెండు నట్లు తగ్గి ఉంటాయి, వాటికోసం మళ్లీ ఆయన గుమ్మం ఎక్కాలి. వీలైతే వదులుగానైనా బిగించి ఇమ్మనండి. లేదా ఒక్కొక్కటీ పరిచి ఫొటో తీసి డబ్బాలో సర్దుకోండి. కావలి మెకానిక్ ముట్టుకోనన్నది పొగరుతో కాదు. పాత తప్పు తన నెత్తిన పడుతుందని. "అన్నా, నువ్వు విప్పి చూసి ఏముందో చెప్పు చాలు, చూసినందుకు కూలి ఇస్తా, చేయాలా వద్దా తర్వాత చూద్దాం" అని అడిగి చూడండి. చాలామంది ఒప్పుకుంటారు. షోరూము సర్వీసుకి ఇస్తే జాబ్ కార్డు, బిల్లు అన్నీ పద్ధతిగా ఉంటాయి, ఖర్చు ఎక్కువవుతుంది. బయట బోరు చేసిన ఇంజన్‌కి వాళ్లు గ్యారంటీ ఇస్తారో లేదో ముందే అడగండి.

ఇక్కడే బాకీ 2,200 సంగతి. అసలు ఒప్పుకున్నది 3,500. మిమ్మల్ని అడగకుండా పెంచిన పనికి మీరు పూర్తిగా బాధ్యులు కారు, అలాగని నిజంగా పిస్టన్ వేసి ఉంటే ఆ సామాను మీ బండిలోనే ఉంది. పాత పిస్టన్, లేత్ వాడి చీటీ చూపిస్తే సామాను ఖరీదు, లేత్ కూలి లెక్కగట్టి ఇవ్వండి. చూపించకపోతే ఆ 2,200 ఆపండి. ఒక్క హెచ్చరిక. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, వస్తువు మీద తన పనితనం పెట్టినవాడు ఆ పనిని ఒప్పుకున్నట్టు చేసి ఉంటే, కూలి అందేదాకా వస్తువును అట్టిపెట్టుకోవచ్చు. సరిగా చేయని పనికి ఆ హక్కు ఉందనడం కష్టమే, కానీ షాపు ముందు ఆ వాదన తేలదు. అందుకే డబ్బు తగువు ముందు పెట్టకండి. బండి మీ చేతికి వచ్చాక లెక్క మాట్లాడండి.

మీ భార్య చెప్పిన దారి కూడా ఉత్త బెదిరింపు కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రిపేరు పని కూడా సేవే. చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడాన్ని ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరే ఫిర్యాదు వేసుకోవచ్చు, వకీలు తప్పనిసరి కాదు, మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. అంతకన్నా ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. బిల్లు లేకపోయినా ఫోన్‌పేలో పంపిన డబ్బు, ఆయన పెట్టిన వాయిస్ మెసేజ్‌లు, ఇందాక తీయమన్న ఫొటోలు, ఇంకో మెకానిక్ రాసిచ్చిన కాగితం సాక్ష్యంగా నిలుస్తాయి. ఎనిమిది వేల లెక్క కోసం వాయిదాలకు కావలి నుంచి నెల్లూరు తిరిగే ఓపిక మీకుందా, అది మీరు తేల్చుకోవాల్సింది. నా మట్టుకు, బండి ఇవ్వనంటే, లేదా సామాను మార్చేశాడని తేలితే తప్పకుండా వెళ్లమంటాను. ఉత్త ఆలస్యానికైతే వెళ్లమనను. ఒకసారి నోటీసు వెళ్లాక ఆ ఇంటికీ మీ ఇంటికీ మాటలుండవు, ఆ సంగతి కూడా తెలిసే వెళ్లాలి.

నాన్నగారి మాట మిగిలింది. అర్ధరాత్రి ఆటో తెచ్చిన మనిషిని మరిచిపోమని ఎవరూ అనరు. కానీ ఆ మేలు ఆయన స్నేహితుడిగా చేసింది, ఇది ఆయన డబ్బు తీసుకొని చేస్తున్న పని. రేపు ఆయనింట్లో పెళ్లికి మీరు ముందుండి నిలబడండి, ఆసుపత్రి అవసరం పడితే మీ బండి తీయండి. మేలు అలా తీరుతుంది. ఆయిల్ కారే ఇంజన్‌ని మెచ్చుకుంటే తీరదు. మీరు నాన్నగారిని తప్పించి ఈ పని చేయాలని చూస్తున్నారు, నేనైతే ఆయన్నే వెంటబెట్టుకొని వెళ్లమంటాను. కొడుకు అడిగితే గదమాయించే బాబాయ్, అన్న వచ్చి స్టూలు మీద కూర్చుని "ఎప్పుడిస్తావురా తమ్ముడూ" అంటే ఒక తేదీ చెప్పి తీరాలి. ఆ మాట నిలబెట్టుకోకపోతే, బండి ఎందుకు తీసుకుపోతున్నారో నాన్నగారికి మీరు విడిగా వివరించే పని ఉండదు. ఆయన రానంటే బలవంతం చేయకండి, ఫలానా రోజున బండి తెచ్చేస్తున్నానని మాత్రం ముందే చెప్పండి. బయటివాళ్ల నోట వింటేనే ఆయనకు కష్టం.

ఇంకొకటి చూసుకోండి. పాత స్ప్లెండర్ అన్నారు, ఏ సంవత్సరానిదో రాయలేదు. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే ఉంటుంది, తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ గడువు దగ్గర పడి ఉంటే, ఇంకో నాలుగైదు వేలు పోసే ముందు రెన్యూవల్ ఖర్చు కూడా కలిపి లెక్క వేయండి. ఉప్పు గాలిలో తిరిగే బళ్లకు ఇంజన్ బాగైనా వైరింగ్ సాకెట్లు పచ్చబారతాయి, చైను, చక్రాల బేరింగులు తుప్పు పడతాయి. అవన్నీ చూసి, అమ్మేసి వాయిదాల మీద ఇంకోటి కొనడమే నయమనిపిస్తే అది బాబాయ్ మీద కోపంతో చేసినట్టు కాకుండా లెక్క చూసి చేసినట్టు ఉండాలి.

ఎవరు బిగించినా సరే, బండి చేతికి వచ్చిన రోజు అక్కడే ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడపండి, కింద అట్టముక్క పరిచి పది నిమిషాలు నిలబెట్టి చుక్క పడుతుందేమో చూడండి, ఆయిల్ పుల్ల తీసి మట్టం చూడండి. ఆ తర్వాతే మిగతా డబ్బు ఇచ్చి, ఏమేం మార్చారో ఒక కాగితం మీద రాయించి సంతకం, తేదీ వేయించుకోండి. 500 కిలోమీటర్లు అయ్యేదాకా మేత బస్తాలు డీలరు ఆటోలోనే పంపమని అడగండి. విసుక్కునే డీలరే అయినా, బండి మళ్లీ మూలన పడడం కన్నా అది ఆయనకీ నయమే.